ఫోనులో పలికే ఆ స్వరం ఎవరిది?



మిరప కోతలు ముగిసి, సరుకు ఎనుమాముల మార్కెట్టుకు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులివి. ఇలాంటి రోజుల్లోనే దొంగ ఫోన్లు కూడా ఎక్కువగా మోగుతాయి. అందుకే ఈ నెల మీతో ప్రసంగ పీఠం మీద నుండి కాక, మీ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్లు మాట్లాడాలని ఉంది.

నా చిన్నతనంలో మా ఊరిలో ఫోను అంటే ఎస్.టి.డి. బూత్ ఒక్కటే. ఆదివారం రాత్రి చార్జీలు తగ్గే వేళకు అక్కడ వరుసలో నిలబడేవాళ్ళం. మనకోసం ఫోను వచ్చిందని ఎవరైనా పరుగెత్తుకొచ్చి చెబితే గుండె దడదడలాడేది. అది పుట్టుక కబురో, చావు కబురో అయి ఉండేది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి జరిగింది. ఇప్పుడు కూలికి వెళ్ళే అక్క కొంగుముడిలోనూ ఫోను ఉంది. ఊరికి దూరంగా ఉన్న పిల్లల ముఖాలు చూపించే ఆ ఫోనును నేను తప్పు పట్టను. కాని ఆ తలుపు గుండా మనకు తెలియనివాళ్ళు కూడా లోపలికి వస్తున్నారు. వాళ్ళు రెండు రకాలు: అమ్ముకునేవాళ్ళు, దోచుకునేవాళ్ళు. ఇద్దరినీ ఒకే గాట కట్టరాదు.

అమ్ముకునేవాళ్ళ సంగతి ముందు చెప్పుకుందాం. "సార్, లోను కావాలా? క్రెడిట్ కార్డు కావాలా? యాదగిరిగుట్ట దగ్గర ప్లాటు కావాలా?" అని మధ్యాహ్నం కునుకు తీసే వేళ లేపుతారు. ఆ ఫోను చేసే అమ్మాయి కూడా ఎవరి బిడ్డో. నెల జీతానికి రోజుకు వందమందికి ఫోను చేసి తిట్లు తింటున్నది. ఆమెను తిట్టవద్దు. "వద్దమ్మా" అని పెట్టేయండి. ఆ తరువాత మీ ఫోను నుండి 1909కి ఫోను చేసి, వ్యాపార ఫోన్లు నాకు వద్దని చెప్పండి. లేదా మెసేజీలో స్టార్ట్ అని ఆంగ్ల అక్షరాలతో వ్రాసి, కాస్త ఖాళీ వదిలి, సున్న పెట్టి అదే 1909కి పంపండి. ఈ ఏర్పాటుకు ప్రభుత్వం 2007లోనే పునాది వేసింది. వద్దన్న తరువాత కూడా ఫోన్లు వస్తే ఆ 1909కే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు ఇదివరకు 3 రోజులే గడువు ఉండేది. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి 7 రోజులు చేశారు. అమ్మకాల ఫోన్లకు 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులు, బీమా సంస్థలు తమ ఖాతాదారులతో మాట్లాడడానికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. బ్యాంకు నుండి అంటూ మామూలు పది అంకెల సెల్ నంబరు నుండి ఫోను వస్తే అప్పుడే అనుమానించాలి.

అయితే 1909లో పేరు వ్రాయించుకున్నంత మాత్రాన దొంగ ఆగడు. "ఈ ఇంట దొంగతనం చేయరాదు" అని బోర్డు పెడితే చదివి తిరిగిపోయే దొంగ ఉంటాడా? ఇక రెండవ రకం వాళ్ళ సంగతి.

రెండేళ్ళ క్రిందట ఒక సోమవారం ఉదయాన మా సంఘపు పెద్దమ్మ ఒకామె మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. నర్సంపేట వైపు నుండి మొదటి బస్సుకే వచ్చింది. విధవరాలు. మిరప అమ్మిన డబ్బు 62,000 రూపాయలు బ్యాంకులో వేసుకుంది.

"అయ్యగారూ, నా పైసలు పోయినయ్" అన్నది.

బ్యాంకు నుండి అని ఎవరో ఫోను చేశాడట. కేవైసీ కాలేదు, సాయంత్రానికల్లా ఖాతా బంద్ అయితది, పింఛను కూడా ఆగిపోతది అన్నాడట. ఏటీఎం కార్డు మీది అంకెలు చదివించుకున్నాడు. ఫోనుకు వచ్చిన నంబరు అడిగాడు. మూడుసార్లు అడిగాడు, ఆమె మూడుసార్లు చెప్పింది.

"ఎందుకు చెప్పినవమ్మా?" అన్నాను.

"మంచిగ మాట్లాడిండు అయ్యగారూ. మాటకు ముందొకసారి, మాట ఎనుక ఒకసారి అమ్మా అన్నడు. నా కొడుకు కూడ అట్ల పిలువడు."

ఎప్పుడు జరిగిందని అడిగితే పోయిన బుధవారం అన్నది. అయిదు రోజులు! కొడుకుకు చెబితే తిడతాడని చెప్పలేదు. "మరి నాకైనా అప్పుడే చెప్పవచ్చు కదమ్మా" అన్నాను. తల వంచుకుని, "మీరు నవ్వుతరేమో అనుకున్న" అన్నది.

ఆమెను బ్యాంకుకు తీసుకువెళ్ళాను. 1930కి ఫోను చేశాం. వరంగల్ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికీ వెళ్ళాం. కాని డబ్బు అప్పటికే ఒక ఖాతాలో నుండి మరొక ఖాతాకు పాకి, ఎక్కడో నగదుగా మారిపోయింది. 4,000 రూపాయలు మాత్రం ఒక ఖాతాలో మిగిలి ఉంటే ఆపగలిగారు. బుధవారం నాడే చెప్పి ఉంటే ఎంత ఆగేదో అని ఆ తల్లి ముందు నేను అనలేదు. కాని నా మనసులో ఆ ప్రశ్న ఆగలేదు.

ఎందుకు ఆగలేదో ఇప్పుడు చెబుతాను. మీ ముందు ఒప్పుకోవలసినది నాకూ ఒకటి ఉంది.

ఆ సంగతికి నాలుగేళ్ళ ముందు నాకూ ఒక ఫోను వచ్చింది. విదేశపు యాస. "బ్రదర్" అని పిలిచాడు. మా ప్రార్థన మందిరపు రేకులు ఎగిరిపోయిన సంగతి అతనికి తెలుసు. నేనే ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. సహాయం పంపుతానన్నాడు. పది రోజులకు పార్సెల్ ఫోటో పంపాడు. ఆ తరువాత ఢిల్లీ కస్టమ్స్ నుండి అని ఒక స్త్రీ ఫోను చేసి, 18,500 రూపాయలు కడితే పార్సెల్ వదులుతామంది. చీటీ పాడిన డబ్బు ఇంట్లో ఉంది, అమ్మాయి కాలేజీ ఫీజుకు ఉంచినది. అందులో నుండి కట్టాను. మరునాడు ఇంకా 45,000 కావాలన్నారు. అప్పుడు గాని నా కళ్ళు తెరుచుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. నా భార్యతో, స్నేహితుడికి చేబదులు ఇచ్చానని అబద్ధమాడాను. పాస్టరు అయి ఉండి, నలుగురికి బుద్ధి చెప్పేవాడై ఉండి, ఇలా మోసపోయాడని తెలిస్తే సంఘం నవ్వుతుందనుకున్నాను. ఆ పెద్దమ్మ భయపడినదీ అదే నవ్వుకు. నేను నాలుగేళ్ళ క్రిందటే నోరు తెరిచి ఉంటే, ఇలాంటి ఫోన్లు వస్తాయి జాగ్రత్త అని ఒక్క ఆదివారం చెప్పి ఉంటే, ఆమె 62,000 నిలిచి ఉండేదేమో. మోసపోవడం నా తెలివితక్కువతనం. దాచడం మాత్రం నా తప్పు.

ఆ రాత్రి నా భార్యతో నిజం చెప్పాను. ఆమె, "నాకు ఆనాడే తెలుసు. రెండు రోజులు మీరు అన్నం సరిగా తినలేదు. మీరే చెబుతారని చూశాను" అన్నది. మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో లేచి సంఘమంతటికీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురు ఒకరి తరువాత ఒకరు నా గదికి వచ్చారు. ముగ్గురికీ అదే కథ. ఒకాయన రిటైరైన ఉపాధ్యాయుడు. ముగ్గురూ ప్రతి ఆదివారం దగ్గర దగ్గరే కూర్చునేవాళ్ళు, కాని ఒకరి గాయం ఒకరికి తెలియదు.

చదువులేనివాళ్ళే మోసపోతారని అనుకోకండి. 2024లో లూధియానాలోని వర్ధమాన్ సంస్థ అధిపతి ఎస్.పి. ఓస్వాల్ గారిని, 82 ఏండ్ల పెద్దమనిషిని, సి.బి.ఐ. అధికారులమని చెప్పి ఫోను వీడియోలో బంధించారు. దొంగ కోర్టు నడిపి, సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఒకడు నటించి, 7 కోట్ల రూపాయలు వేయించుకున్నారు. ఆయన తేరుకుని ఫిర్యాదు చేశాక 5 కోట్లకు పైగా తిరిగి పట్టగలిగారు. వాళ్ళు ఈ వేషానికి పెట్టిన పేరు "డిజిటల్ అరెస్టు". అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియోలో దేశమంతటికీ చెప్పారు. 2025 డిసెంబరు 1న సుప్రీం కోర్టు ఈ కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. ఏ పోలీసూ, ఏ జడ్జీ ఫోనులో మనలను అరెస్టు చేయడు. ఫోనులో డబ్బు వేయించుకుని విడిచిపెట్టడు.

ఈ సంగతి తలచినప్పుడల్లా నాకు ఆదికాండములోని ముసలి ఇస్సాకు గుర్తుకు వస్తాడు. కళ్ళు కనబడవు. ఎదుట నిలిచినవాడు పెద్దకొడుకునని చెప్పుకుంటున్నాడు. ఇస్సాకుకు అనుమానం రాకపోలేదు. ఇంత త్వరగా వేట ఎలా దొరికిందని అడిగాడు. దగ్గరికి పిలిచి తడిమి చూశాడు. గొంతు తేడాగా ఉందని పైకే అన్నాడు. అయినా చేతికి తగిలిన రోమములను, ముక్కుకు తగిలిన వస్త్రపు వాసనను నమ్మాడు. యాకోబు అటు వెళ్ళాడో లేదో, ఏశావు ఇటు వచ్చాడు. కాసేపు ఆగి ఉంటే చాలు, అసలు కొడుకు తనంతట తానే లోపలికి వచ్చేవాడు. దేవుని సంకల్పం సంగతి వేరు. తండ్రిగా ఇస్సాకు చేసిన పొరపాటు మాత్రం మనకు పాఠమే. చెవి అనుమానించింది, కాని ఆయన ఆగలేదు.

ఫోను దొంగ ఎక్కువగా భయపడేది మనం ఆగుతామనే. అందుకే నాలుగు పగ్గాలు వేస్తాడు. మొదటిది భయం: ఖాతా బంద్ అవుతుంది, కరెంటు తీసేస్తాం, మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు. రెండవది ఆశ: లాటరీ తగిలింది, లోను మంజూరైంది, విదేశీ సహాయం వచ్చింది. మూడవది తొందర: ఈ సాయంత్రంలోగా, ఈ గంటలోగా. నాలుగవది రహస్యం: ఎవరికీ చెప్పవద్దు, ఫోను పెట్టవద్దు. ఈ నాలుగింటిలో ఏ రెండు కనబడినా ఆ స్వరం మంచివాని స్వరం కాదు. మేలు చేసేవాడు మీ ఇంటివాళ్ళకు చెప్పవద్దని ఎందుకంటాడు?

ఇక మనం చేయవలసినవి. పిల్లలచేత పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

మొదటిది, ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరును గాని, పిన్నును గాని, కార్డు వెనుక మూడంకెలను గాని ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు మేనేజరు అడిగినా చెప్పకూడదు. నిజమైన మేనేజరు అడగడు.

రెండవది, డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. ఫోన్‌పేలో గాని, గూగుల్‌పేలో గాని పిన్ను కొట్టామంటే మన డబ్బు పోతున్నదని అర్థం. "మీకు 5,000 వేస్తాను, పిన్ను కొట్టండి" అన్నవాడు దొంగ.

మూడవది, వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, పి.ఎం. కిసాన్ అని ఏపీకే అనే ఫైలు వస్తే ముట్టుకోవద్దు. తెలిసినవాళ్ళ నంబరు నుండి వచ్చినా సరే. వాళ్ళ ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు. దాన్ని తెరిస్తే మీ ఫోనులోని మెసేజీలన్నీ వాడు చదువుతాడు. పథకం డబ్బు సంగతి కావాలంటే వ్యవసాయ అధికారినో, బ్యాంకునో అడగండి.

నాలుగవది, అనుమానం వస్తే ఫోను పెట్టేయండి. అది అమర్యాద కాదు. పాసుబుక్కు మీద ఉన్న బ్యాంకు నంబరుకు మీరే ఫోను చేయండి, లేదా నడిచి వెళ్ళి అడగండి. వాడు చెప్పిన నంబరుకు చేయవద్దు. గూగుల్‌లో వెదికిన నంబరునూ నమ్మవద్దు, అక్కడ కూడా దొంగ నంబర్లు పెడుతున్నారు.

అయిదవది, డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. రాత్రి అయినా, ఆదివారం అయినా పలుకుతుంది. డబ్బు దొంగ ఖాతాలో ఉన్నంతసేపే దాన్ని ఆపగలరు. మొదటి గంట బంగారం వంటిది. బ్యాంకుకు కూడా వెంటనే తెలియజేసి, ఫిర్యాదు నంబరు వ్రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన అజాగ్రత్త వల్ల డబ్బు పోయినా, మనం బ్యాంకుకు చెప్పిన తరువాత ఇంకా పోతే ఆ నష్టం బ్యాంకుదే, మనది కాదు. మన తప్పేమీ లేకుండా పోయిన డబ్బు సంగతి మూడు పనిదినాలలో చెబితే మనకు నష్టం ఉండదు. అలా దొంగ ఖాతాలలో ఆపిన సొమ్మును మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. మా పెద్దమ్మ 4,000 రూపాయలు అలాగే తిరిగి వచ్చాయి.

ఆరవది, డబ్బు పోకపోయినా అనుమానం కలిగించే ఫోను వస్తే ప్రభుత్వపు సంచార్ సాథీలో చక్షు అనే చోట తెలియజేయవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో కూడా అక్కడే చూసుకోవచ్చు. మీవి కానివి కనబడితే మీవి కావని తెలియజేయండి.

ఇంకొక్క మాట, ఇది యౌవనస్థుల తల్లిదండ్రులకు. ఫోను ఆ చివర కూర్చున్నవాడు ఎప్పుడూ ఎక్కడివాడోనని అనుకోకండి. మంచి జీతం, కంప్యూటరు ఉద్యోగం అని ఏజెంట్ల మాట నమ్మి కంబోడియాకు, మయన్మారుకు వెళ్ళిన మన తెలుగు పిల్లలు ఉన్నారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఇలాంటి మోసపు ఫోన్లే చేయించారు. 2025 మార్చిలో మయన్మారు నుండి మన ప్రభుత్వం విమానాలలో 500 మందికి పైగా భారతీయులను వెనక్కు తెచ్చింది. ఇక్కడ ఊళ్ళలోనూ ఒక ఆశ చూపిస్తున్నారు: "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము నాకు ఇయ్యి, నెలకు ఇంత ఇస్తా" అని. ఆ పెద్దమ్మ 62,000 పాకిపోయింది అలాంటి ఖాతాల గుండానే. ఖాతా అద్దెకిచ్చిన కుర్రవాడు డబ్బు ముఖం సరిగా చూడడు, కాని పోలీసులు ముందు తట్టేది అతని తలుపే. మీ అబ్బాయి చేతికి కష్టపడకుండా డబ్బు వస్తుంటే ఎక్కడిదని అడగండి. అడగడం అనుమానించడం కాదు, కాపాడుకోవడం.

చివరిగా ఒక మనవి. ఈ పత్రిక చేతికి అందిన రోజునే ఒక బొగ్గు ముక్కో, స్కెచ్ పెన్నో తీసుకుని, మీ ఇంట్లో ఫోను చార్జింగు పెట్టే చోట గోడ మీద 1930 అని పెద్దగా వ్రాయండి. పక్కన పాస్టరుగారి నంబరూ వ్రాయండి. ఇంట్లో ఎవరైనా మోసపోయి వచ్చి చెబితే, "నీకు బుద్ధి లేదా?" అనే మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. ముందు 1930కి ఫోను చేయండి. తరువాత మంచినీళ్ళు ఇవ్వండి. తిట్టడానికి తరువాత కావలసినంత సమయం ఉంటుంది. అప్పటికి తిట్టాలని కూడా అనిపించదు.

మా పెద్దమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తున్నది. మొన్న ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మళ్ళ ఫోన్ వచ్చింది అయ్యగారూ, బ్యాంకు నుంచట" అన్నది. నా గుండె జారింది. "ఏం చెప్పినవమ్మా?" అన్నాను.

"మా అయ్యగారిని అడిగి చెప్త అన్న. వాడే పెట్టేసిండు" అన్నది.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఇలాంటి నవ్వు మీ ఇళ్ళలోనూ ఉండును గాక.